గోడకెక్కిన సమాధానపత్రము

విశ్వవిద్యాలయములలో పరీక్ష యనునది సాధారణముగా రహస్యవ్యవహారము. విద్యార్థి వ్రాసిన సమాధానపత్రముపై పేరు కనబడనీయక, సంకేతసంఖ్య వేసి, కట్టగట్టి, ముద్రవేసి, ఎక్కడనో పొరుగూరనున్న పరీక్షకునికి పంపుదురు. ఆయన వేసిన మార్కులు బయటికి వచ్చునే గాని ఆ పత్రము పదిమంది కంటను పడదు. గుజరాతు రాష్ట్రమున, నేడు వడోదర యని వ్యవహరింపబడుచున్న బరోడా నగరమున, మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయమునందలి యొక్క విభాగములో మాత్రము ఈ యాచారము తలక్రిందులైనది. అచ్చట వేసవి వచ్చుసరికి చిత్రకళావిద్యార్థులు తమ తమ స్టూడియోల గోడలను శుభ్రపఱచి, సున్నము పూసికొని, సంవత్సరమంతయు తాము వేసినవానిలో నిలువదగిన వేవో నిలువదగని వేవో తామే తేల్చుకొని, మేకులు దిగవేసి, దారము పట్టి మట్టము చూచుకొని, చిత్రములను వరుసగా వ్రేలాడగట్టుదురు. శిల్పవిద్యార్థులు ఱాతిని, కొయ్యను, కంచును చెట్లక్రిందికి, వసారాలలోనికి మోసికొని వత్తురు. పరీక్షకులు గదివెంట గది నడచుచు, పనియెదుట నిలిచి, పనివానినే ప్రశ్నించి, మార్కులు వేయుదురు. ఆ దినములలో తోడి విద్యార్థులును, ఊరివారును, బొంబాయి అహమ్మదాబాదులనుండి వచ్చిన చిత్రకారులును అదే గోడలముందు నిలిచి తమతమ మార్కులు తాము వేసికొని పోవుదురు. సమాధానపత్రమే గోడకెక్కి పదిమందికి ముఖము చూపవలసిన ఈ పద్ధతినిబట్టియే ఆ విద్యాపీఠముయొక్క గొప్పతనమును, దాని చిక్కులును కూడ చాలవఱకు బోధపడును.

చిత్రకళను విశ్వవిద్యాలయపు గడప లోపలికి తెచ్చుట మన దేశమున ఆలస్యముగా జరిగిన పని. ఆంగ్లేయులు మన దేశమున కళాపాఠశాలలు స్థాపింపకపోలేదు. మదరాసులో అలెగ్జాండరు హంటరు అను వైద్యుడు 1850లో నొకదానిని నెలకొల్పెను. 1854లో కలకత్తాలోను, 1857లో జంషెట్జీ జీజీభాయి దానముతో బొంబాయిలోను, 1875లో లాహోరులోను మఱికొన్ని వెలసినవి. కాని వానిని పెట్టినవారి దృష్టి పరిశ్రమలమీదను, చేతిపనులమీదను, ప్రభుత్వపు కట్టడములకు కావలసిన నమూనాలు గీయగల నేర్పరులమీదను ఉండెను. గ్రీకుప్రతిమల ప్లాస్టరు నకళ్ళను ఎదుట నిలిపి, వాని వెలుగునీడలను పెన్సిలుతో నెలలతరబడి అనుకరింపజేయుట ఆ చదువునకు పునాది. చదువు ముగించినవానికి దక్కునది డిప్లొమా. అతడు డ్రాయింగు మాస్టరు కావచ్చును, ముద్రాక్షరశాలలో బొమ్మలు వేయవచ్చును, అంతే. సాహిత్యము, తత్త్వశాస్త్రము, చరిత్ర చదివినవారు ఒక ఊరిలో, చిత్రము వేయువారు వేఱొక పేటలో. ఆ పాఠశాలలలో వీరిని వారిని కలిపిన పంతులు లేడు.

తెలుగునాట మనవారి యనుభవమును దీనికి భిన్నముకాదు. రాజమహేంద్రవరమున ఆస్వాల్డు కూల్డ్రే దొరగారి ప్రోత్సాహమున దామెర్ల రామారావు బొంబాయి జె.జె. పాఠశాలకు వెళ్ళి చదివి, తిరిగివచ్చి, సొంతయూరిలోనే చిత్రకళాశాల తెఱచి, ముప్పదియేండ్లు నిండకమునుపే 1925లో మసూచికము పాలయ్యెను. మచిలీపట్టణపు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటోపాధ్యాయుడు వంగదేశపు రీతిని నేర్పగా అడివి బాపిరాజు వంటివారు నేర్చుకొనిరి. ఈ రెండును ఒకరిద్దఱు మహానుభావుల పూనికచే నిలిచిన దీపములు. ఆ పూనిక సడలినప్పుడు వెలుగును తగ్గినది. విశ్వవిద్యాలయమునకు ఇంతటి ప్రాణములేదు గాని, ఒక గుణమున్నది: పంతులు పోయినను కుర్చీ మిగులును, కుర్చీతోపాటు జీతమును మిగులును.

చిత్రకళను విశ్వవిద్యాలయములోనికి తెచ్చు ప్రయోగమునకు బరోడా యేల తగినచోటయ్యెనో తెలిసికొనుటకు ఆ సంస్థానపు కథ కొంత చెప్పవలయును. నాసికు ప్రాంతమున కవలాణా యను పల్లెలో పుట్టిన రైతుబిడ్డ దత్తతవలన 1875లో, పండ్రెండవయేట, బరోడా గద్దెనెక్కి సాయాజీరావు గాయక్వాడు మూడవవాడయ్యెను. సంస్థానమంతటను ప్రాథమికవిద్యను ఉచితముగను నిర్బంధముగను చేసిన ప్రభువతడే. రవివర్మచేత పదునాలుగు పౌరాణికచిత్రములు వ్రాయించినవాడును అతడే. 1890లో త్రిభువనదాసు గజ్జరు అను రసాయనశాస్త్రజ్ఞుని పూనికతో కళాభవన మను సాంకేతికవిద్యాలయము తెఱవబడినది. అద్దకము, నేత, వాస్తువు, ఛాయాగ్రహణము నేర్పిన ఆ శాలలోనే కొంతకాలము చదివి దాదాసాహెబు ఫాల్కే తరువాత భారతదేశపు చలనచిత్రమునకు ఆద్యుడయ్యెను. బరోడా కళాశాలకు బిజాపురపు గోల్‌గుంబజును తలపించు మహాగుమ్మటమును నిర్మించిన రాబర్టు చిజముమట్టుకు అంతకుముందు మదరాసు కళాపాఠశాలకే అధికారిగా పనిచేసి వచ్చినవాడు. అటుపిమ్మట శాంతినికేతనపు చిత్రకళాగురువు నందలాలు బోసు బరోడా కీర్తిమందిరపు నాలుగు గోడలమీద గంగావతరణమును, మీరాబాయి జీవితమును, మహాభారతయుద్ధమును, రవీంద్రుని నాటకఘట్టమును భిత్తిచిత్రములుగా రచించెను. అనగా చిత్రకళాపీఠము పుట్టునాటికే ఆ నగరమున ఒకవైపు రవివర్మయొక్క తైలవర్ణములు, మఱియొకవైపు శాంతినికేతనపు భిత్తిచిత్రములు, నడుమ సాయాజీబాగు తోటలోని చిత్రశాలలో ఐరోపా పటములు, నడచిపోయి చూడగలిగినంత దూరములో నుండెను. పుస్తకములు చాలని దేశమున నిది చిన్న సౌకర్యము కాదు.

సంస్థానము భారతదేశమున విలీనమగు తరుణమున, 1949లో, విశ్వవిద్యాలయము ఏర్పడినది. తొలి ఉపకులపతి శ్రీమతి హంసా మెహతా. సహవిద్య గల విశ్వవిద్యాలయమునకు మన దేశమున ఉపకులపతి యైన తొలి స్త్రీ యామెయే. రాజ్యాంగసభలో సభ్యురాలు, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘములో మన ప్రతినిధి. ఇంజనీరింగు, వైద్యము, వాణిజ్యములతో సమానమైన పీటను గృహవిజ్ఞానమునకును, సంగీతనాట్యములకును, చిత్రశిల్పములకును వేయవలయునని ఆమె పట్టుబట్టుటచేతనే 1950లో లలితకళాపీఠము ఆరంభమయ్యెను. పుష్పబాగు అను పాత బంగళా దానికి తొలి నివాసము. అమెరికాలో శిక్షణ పొందివచ్చిన మార్కండు భట్టు తొలి డీను. ఇందూరునుండి నారాయణ శ్రీధర బేంద్రే చిత్రవిభాగమునకును, శాంతినికేతనపు శిల్పి రామకింకరుని శిష్యుడైన శంఖో చౌధురి శిల్పవిభాగమునకును పెద్దలైరి. మఱుసటియేడు శాంతినికేతనమున చదువుకొన్న కేరళీయుడొకడు లెక్చరరుగా చేరెను. ఆయన పేరు కె.జి. సుబ్రహ్మణ్యన్. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రము చదువుచు క్విట్టిండియా ఉద్యమమున జైలుకేగి, ఆ చదువు తెగిపోగా నందలాలు బోసుకడకు వెళ్ళి చిత్రకారుడైనవాడు. ఆయనను శిష్యులందఱును మణిసారు అని పిలుచుకొందురు.

ఈ పీఠము ఇచ్చినది డిప్లొమా కాదు, డిగ్రీ. చిత్రకారునకు డిగ్రీ యేల యని ఆనాడే చాలమంది నవ్విరి, ఇప్పటికిని నవ్వువారున్నారు. కుంచె పట్టినవానిని హాజరుపట్టీలతో, సిలబసుతో, అంతర్గత మార్కులతో బంధించుట అర్థములేని పనియని నాకును కొన్ని పర్యాయములు తోచును. ఐనను ఈ డిగ్రీవలన జరిగిన మేలును త్రోసిపుచ్చలేము. డిప్లొమా కలవాడు పాఠశాలలో డ్రాయింగు మాస్టరుగానే మిగిలిపోవుచుండగా, బి.ఏ. ఫైను, ఎం.ఏ. ఫైను పట్టములు పొందినవాడు ఇతర విశ్వవిద్యాలయములలో లెక్చరరై, రీడరై, ఆచార్యుడై, అచ్చట క్రొత్త విభాగములను నిలుపగలిగెను. చిత్రములకన్న కూడ ఉపాధ్యాయులే ఈ పీఠముయొక్క పెద్ద పంట యని నా యభిప్రాయము. దానిని తెలుగువారి కథయే బాగుగా ఋజువు చేయగలదు గావున కొంతసేపటికి దానికడకు వత్తును.

తొలి దశాబ్దమున బేంద్రేగారి ప్రభావము హెచ్చుగానుండెను. ఆయన ఇంప్రెషనిజము మొదలుకొని క్యూబిజము వఱకు ఐరోపారీతులన్నియు చేతిలో నుంచుకొన్న నేర్పరి. శిష్యునకు రంగు నేర్పుటలో ఆయనకు సాటిలేరందురు. 1956లో గురుశిష్యులు కలిసి బరోడా చిత్రకారబృందమను పేరుతో బొంబాయిలో ప్రదర్శన పెట్టిరి. గురువు శిష్యునితో ఒకే గోడమీద చిత్రము తగిలించుకొనుట అప్పటి మన పాఠశాలలలో వినరాని విషయము. ఆ బృందములోని జ్యోతిభట్టు తరువాత అమెరికా వెళ్ళి ముద్రణచిత్రకళ నేర్చివచ్చి, కుంచెను కొంత ప్రక్కకు నెట్టి, కెమెరా చేతబట్టి గుజరాతు పల్లెలలో స్త్రీలు గోడలమీద, వాకిళ్ళలో తీర్చు బొమ్మలను అవి మాసిపోకమునుపే ఛాయాచిత్రములలో నిలువచేసెను. విద్యాపీఠములోని పరిశోధకుడు చేయవలసిన పని ఒక చిత్రకారుడు చేసినాడు. రెండు శాఖలు ఒకే ప్రాంగణములో నున్నందున కలిగిన లాభమిది.

సుబ్రహ్మణ్యన్ బోధన వేఱుదారి పట్టినది. ఆయన నడుమ రెండేండ్లు బొంబాయిలో అఖిలభారత చేనేతమండలిలో నమూనాల విభాగమున పనిచేసి, నేతగాండ్రతో, కుమ్మరులతో, బొమ్మలు చేయువారితో కలిసిమెలిసి తిరిగి, 1961లో మరల బరోడా వచ్చెను. ఘనకళ యొకటి, చేతిపని యొకటి యను విభజన ఆయనకు నచ్చలేదు. లక్నోలోని రవీంద్రాలయము గోడకు ఆయన చేసిన పొడవైన మట్టిపలకల భిత్తిశిల్పము ఆ యూహకు పెద్ద ఉదాహరణము: రవీంద్రుని నాటకమొకదానిని ఆధారము చేసికొని, కాల్చిన మట్టిపలకలను వేలకొలది పేర్చి కట్టినది. ఆ యూహనే ఆయన విద్యార్థులచేత వేఱొక రూపమున ఆచరింపజేసెను. ఫైన్ ఆర్ట్స్ ఫేర్ అని పీఠములో జరుగు సంతను గూర్చి బరోడావారు నేటికిని ముచ్చటించుకొందురు. కొన్ని వారములపాటు తరగతులు కార్ఖానాలుగా మాఱును. ఆచార్యులును విద్యార్థులును కూర్చుండి గుడ్డబొమ్మలు, తోలుబొమ్మలు, కొయ్యపూసలతో కూర్చిన కోతులు, పక్షులు, మాస్కులు, పూసలదండలు, అద్దిన వస్త్రములు చేయుదురు. సంతనాడు ఊరివారు పిల్లలతో వచ్చి బేరమాడి కొనిపోవుదురు. వచ్చిన రొక్కము విద్యార్థుల సంక్షేమమునకు చెల్లును. చిత్రకళాప్రదర్శనకు అడుగుపెట్టుటకు జంకు గుమాస్తా కుటుంబము బొమ్మకు బేరమాడుటకు జంకదు. నవరాత్రులలో పీఠపు మైదానమున జరుగు గర్బానృత్యమునకును ఊరిలో ఇట్టి ప్రత్యేకతయే యున్నది. కళాశాలకును నగరమునకును నడుమ గోడ పలుచబడవలెనన్న ఉపన్యాసములకన్న ఇట్టి పనులే మేలు.

ఇంతకన్న అరుదైనది మఱియొకటి యున్నది. చిత్రము వేయుటతోపాటు చిత్రమును గూర్చి ఆలోచించుటకు, వ్రాయుటకు, వాదించుటకు ఈ పీఠము చోటిచ్చినది. 1952నాటికే వస్తుప్రదర్శనశాలల నిర్వహణమును బోధించు విభాగమును, కళాచరిత్ర సౌందర్యశాస్త్రముల బోధనయు చిత్రశిల్పముల ప్రక్కనే మొదలైనవి. ప్రక్కప్రక్కన గదులుండుటచేత శిల్పవిద్యార్థి మధ్యాహ్నము ఉలి పట్టి, సాయంకాలము అజంతా గుహల స్లయిడులు చూచును. కళాచరిత్రవిద్యార్థిని ఎల్లోరాను గూర్చి వ్రాయుచు, ఉలి దెబ్బ రాతిమీద నెట్లు పడునో వెలుపలకు వచ్చి కన్నులార చూచును. రతన్ పరిమూ, గులాం మహమ్మదు షేకు వంటివారు తామే చిత్రకారులయ్యును కళాచరిత్ర బోధించిరి. బొంబాయిలో చార్టర్డ్ అకౌంటెంటుగా నున్న భూపేన్ ఖక్కరును షేకుగారు పిలిచి 1962లో ఇచ్చట కళావిమర్శనము చదువుటకు చేర్చగా, ఆయన ఊరిలోనే ఒక కర్మాగారమున లెక్కలు వ్రాయుచు, మిగిలిన ప్రొద్దంతయు మంగలికొట్టులను, గడియారములు బాగుచేయువారిని చిత్రించుచు ప్రపంచప్రసిద్ధుడయ్యెను. ఖక్కరు, షేకు ఇద్దఱును కలసి 1969లో ఆరంభించిన వృశ్చిక్ అను చిన్నపత్రిక నాలుగేండ్లపాటు కవిత్వమును, బొమ్మలను ప్రకటించుచు, కేంద్ర లలితకళా అకాడమీ పరిపాలనను తేలుకొండితో కుట్టినది. బోధన ఇంగ్లీషులో జరుగుటచేత, గుజరాతులోని ఇతర విశ్వవిద్యాలయములకు భిన్నముగా, కేరళ, వంగము, కాశ్మీరము, తెలుగుదేశములనుండి కూడ విద్యార్థులు వచ్చి చేరిరి. వీరందఱును ఒకే క్యాంటీనులో టీ త్రాగుచు తగవులాడుకొనుట ఆ పీఠపు సిలబసులో లేని ముఖ్యపాఠమని చెప్పుదురు. నే నది నమ్ముదును.

తెలుగువారిలో మొదట స్మరింపవలసినవాడు లక్ష్మాగౌడ్. మెదకు జిల్లా నిజాంపురమున 1940లో పుట్టి, హైదరాబాదు ప్రభుత్వ లలితకళాశాలలో డిప్లొమా పొంది, 1963లో బరోడా చేరి, భిత్తిచిత్రకళను, ముద్రణకళను రెండేండ్లు అభ్యసించెను. ముద్రణకళలో ఎచ్చింగు అను ప్రక్రియను కొంచెము దగ్గరగా చూచినగాని ఆయన పని తెలియదు. నునుపుచేసిన జింకురేకుపై మైనము, తారు, రాల కలిపిన లేపనమును పలుచగా పూసి, అది ఆఱినపిదప సూదితో బొమ్మ గీయుదురు. సూది గీచినచోట లేపనము తొలగి లోహము బయలుపడును. ఆ రేకును నత్రికామ్లపు తొట్టిలో ముంచగా బయలుపడిన గీతలను మాత్రమే ఆమ్లము తినుచు బుడగలు పొంగించును. ఈకతో ఆ బుడగలను త్రోసివేయుచు, కాలమును లెక్కించుకొనుచు నిలువవలయును. ఎక్కువసేపుంచిన గీత లోతై నల్లనగును, తక్కువసేపుంచిన సన్నమై బూడిదరంగు దాల్చును. లేతగా నుండవలసిన గీతలపై మరల లేపనము పూసి మిగిలినవానిని మాత్రమే రెండవసారి ముంచుదురు. పిమ్మట లేపనము కడిగి, సిరాను గీతలలోనికి రుద్ది, పైనున్నదానిని పలుచని గుడ్డతోను, చివరకు అఱచేతితోను తుడిచి, తడిపిన కాగితమును పైనుంచి, బరువైన ఱోలరుక్రింద నడపగా బొమ్మ కుడియెడమలు తాఱుమాఱై కాగితముమీద దిగును. తప్పును సులువుగా చెఱుపుకొనుటకు వీలులేని విద్య యిది. సూదిముల్లుతో గీచిన ఆ గీతతోనే లక్ష్మాగౌడ్ తన పల్లెలోని మేకలను, చెట్లను, గొల్లలను, వారి దాపరికములేని కామమును దేశమునకు చూపించెను. పట్టణపు పెద్దమనుష్యులకు అవి కొంత ఇబ్బందిని కలిగించినను, పల్లెయెఱిగినవారికి అందు అబద్ధము కనబడదు. తరువాత ఆయన దూరదర్శనములో పనిచేసి, హైదరాబాదు విశ్వవిద్యాలయపు సరోజినీ నాయుడు కళావిభాగమునకు డీనై పెక్కుమందికి గురువయ్యెను.

తోట వైకుంఠము రాష్ట్ర లలితకళా అకాడమీ ఉపకారవేతనముతో బరోడా వెళ్ళి సుబ్రహ్మణ్యన్‌కడ చదివెను. పెద్దబొట్టు పెట్టుకొని, ముదురురంగు చీర కట్టిన కరీంనగరపు స్త్రీని ఆయన క్యాలెండర్లవఱకు తీసికొనివచ్చినాడు. గురువు మాటవలననే ఆయన తిరిగి తన ఊరివంక చూచెనని చెప్పుదురు. దేశదేశముల రీతులు నేర్పు విశ్వవిద్యాలయము శిష్యుని సొంతపల్లెకే త్రిప్పి పంపుట మొదట విడ్డూరముగ తోచును గాని, చేనేతను, కుమ్మరిసారెను నెత్తినపెట్టుకొన్న గురువున్నచోట వేఱొకటి జరుగుట కష్టము.

ఇంతగా మెచ్చుకొన్నవాడను లోపములను కూడ చెప్పవలయును. మనుష్యులతోను, కథలతోను నిండిన చిత్రణము బరోడా ముద్రగా పేరెక్కి, దశాబ్దముపాటు ఒక ఫ్యాషనుగా మాఱినది. బలహీనులైన శిష్యులు షేకును, ఖక్కరును అనుకరించి గోడలు నింపిరి. అదే కాలమున అదే భవనములో నస్రీన్ మొహమ్మదీ అను నామె 1972 మొదలు పదునైదేండ్లకు పైగా బోధించుచు, కథయు మనిషియు లేక, కేవలము నిటారుగీతలతో, వాలుగీతలతో తెల్లకాగితములమీద పనిచేయుచుండెను. అచ్చటివారు ఆమెను గౌరవించిరి; ఆమె విలువ ప్రపంచమునకు తెలియుటకు 1990లో ఆమె మరణించిన తరువాత చాలకాలము పట్టినది. 1987లో కేరళీయులైన యువకులు, కృష్ణకుమార్ నాయకత్వమున, బరోడాలోనే ప్రదర్శన పెట్టి కళావ్యాపారమును, అందుకు లొంగిన తమ పెద్దలను నిలదీసిరి. వారి కరపత్రపు భాష కొంత పరుషమే. కాని పీఠముమీద వచ్చిన విమర్శలలో పనికివచ్చినది అదియే యని నేను భావింతును.

అన్నిటికన్న పెద్ద చిక్కు 2007 మే నెలలో వచ్చినది. వార్షికపరీక్షకై గోడలకు తగిలించిన పనులలో తెలంగాణమునుండి వెళ్ళిన ఒక విద్యార్థి చిత్రములు దేవతలను అవమానించుచున్నవని ఆరోపించుచు స్థానిక రాజకీయనాయకుడొకడు మనుష్యులతో, పత్రికలవారితో లోనికి చొచ్చుకొనివచ్చెను. పోలీసులు పరీక్ష జరుగుచున్న స్థలముననే ఆ విద్యార్థిని పట్టుకొనిపోయి జైలులో నుంచిరి. తోడి విద్యార్థులు నిరసనగా, మన దేశపు శిల్పచిత్రములలో కామమునకు గల స్థానమును చూపు ఛాయాచిత్రప్రతులను వసారాలో వరుసగా అతికించిరి. అందు మన చిత్తూరు ప్రాంతపు గుడిమల్లములోని శివలింగము కూడ నుండెను. క్రీస్తుపూర్వపుదని పెక్కుమంది పండితులు తలచు ఆ విగ్రహమును నిత్యము పూజించువారికి రాని కోపము విశ్వవిద్యాలయాధికారులకు వచ్చినది. ప్రదర్శన మూసివేయుమని ఆజ్ఞాపింపగా, తాత్కాలిక డీనుగా నున్న కళాచరిత్రాచార్యుడు శివాజీ పణిక్కర్ నిరాకరించెను. ఆయనను పనినుండి తాత్కాలికముగా తొలగించిరి. ఆ విద్యార్థి పరీక్షాఫలితమును విశ్వవిద్యాలయము ఏండ్లతరబడి ఆపివేసినది.

ఇట్టిది స్వతంత్రముగా నడుచు చిన్న చిత్రశాలలో జరిగియుండినచో మరుసటివారమే మఱచిపోయియుందురు. విశ్వవిద్యాలయము కావున గ్రంథాలయము, జీతము, డిగ్రీ సమకూరినవి. విశ్వవిద్యాలయము కావుననే పరిపాలకుల భయమును, పైవారి ఒత్తిడియు నేరుగా స్టూడియోలోనికి దిగినవి. భౌతికశాస్త్రపు పరీక్షాపత్రములోని సమాధానము తప్పో ఒప్పో చెప్పు అధికారము పరీక్షకునిదే యని అందఱును ఒప్పుకొందురు. చిత్రము విషయమున ఆ అధికారమును దారినపోవువాడు కూడ తనదనును. మంచిదే, చిత్రము పదిమందికొఱకే. కాని, అభిప్రాయము చెప్పుట వేఱు, విద్యార్థిని సంకెళ్ళు వేసి కొనిపోవుట వేఱు. నాటి ఆచార్యులు కొందఱు ఈ భేదమును బిగ్గఱగా చెప్పుటకు వెనుదీయలేదు. విశ్వవిద్యాలయపు పెద్దలు మాత్రము చెప్పలేదు.

బరోడా డిగ్రీ తెలుగునాట ఏమి చేసినదో విశాఖపట్టణమున చూడవచ్చును. సూర్యాపేటకు చెందిన రవీందర్‌రెడ్డి బరోడాలో శిల్పవిద్యను 1982నాటికి ముగించి, పిమ్మట లండనులో చదివివచ్చి, ఆంధ్రవిశ్వకళాపరిషత్తు లలితకళావిభాగమున ఆచార్యుడయ్యెను. మనుష్యునికన్న ఎత్తుగా, ఫైబరుగ్లాసుతో పోతపోసి, బంగారుపూతయో నీలమో ఎఱుపో దట్టముగా పులిమిన స్త్రీశిరస్సులు ఆయన సృష్టి. కోలదీసిన పెద్ద కన్నులు ఱెప్పవేయక చూచుచుండును. వెనుక తిరిగి చూచినచో పూలదండ చుట్టిన కొప్పు, విశాఖ కూరగాయల అంగడిలో బుట్టముందు కూర్చున్న ఆమె కొప్పే. గ్రామదేవత ముఖమును, అంగడిలోని ఆమె ముఖమును ఒకటిగా చేసిన ఈ శిల్పములను ఐరోపా అమెరికా ప్రదర్శనశాలలు కొనిపోయినవి. అదే విభాగమున వి. రమేశ్, విశాఖవాడే, బరోడాలో 1984లో ఎం.ఏ. ముగించి వచ్చి చిత్రకళ బోధించుచు, రమణమహర్షిని, అక్కమహాదేవి, కారైక్కాల్ అమ్మైయార్ వంటి భక్తకవయిత్రులను తన పటములపైకి తెచ్చెను.

వీరిద్దఱి గదులలో చదివినవారిలో శ్రీకాకుళము, విజయనగరము పల్లెలనుండి వచ్చిన పిల్లలున్నారు. ఇంటివద్ద చిత్రకళ చదువుదునని చెప్పినచో మొదట వినబడు ప్రశ్న ఉద్యోగమును గూర్చినదే. ఆ ప్రశ్నకు ఈ పిల్లలు చూపగల సమాధానము తమ కన్నులయెదుటనున్న జీతముగల ఆచార్యుడే. ఒకప్పుడు తొలి డిగ్రీకొఱకే పొరుగురాష్ట్రములకు పోవలసినవారు నేడు దానిని విశాఖలోనో హైదరాబాదులోనో పూర్తిచేసికొని, రెండవ డిగ్రీకొఱకు బరోడాకో శాంతినికేతనమునకో దరఖాస్తు పెట్టుకొనుచున్నారు. అచ్చట ప్రవేశపరీక్షలో ఎదుట నిలిపిన మనిషిని చూచి గీయుమందురు, చేసిన పనుల కట్టను విప్పి చూపుమందురు, ఏల యిట్లు వేసితివని అడుగుదురు. మొదటి రెంటికి మనపిల్లలు చక్కగా సిద్ధపడి వెళ్ళుచున్నారు. మూడవదానికి నోరు విప్పుటలో ఇంకను తడబడుచున్నారని అచ్చట చదివివచ్చినవారు చెప్పగా వింటిని. మన కళావిభాగములలో చిత్రకళాచరిత్రకు నేటికిని ఒక్క ఆచార్యపదవియైనను సరిగా నింపని చోట్లు ఉన్నంతకాలము ఆ తడబాటు పిల్లలది కాదు.